కుడివైపు తొమ్మిదో మాట

ఒకటి: పోర్ట్ సయీద్ సాయంకాలపు ఇంగ్లీషు బడిలో గుమాస్తా వేషంలో చేరాలి. రెండు: చనిపోయిన లతీఫ్ కుర్చీలోనే కూర్చోవాలి. మూడు: వేషం చెడకుండా రోజుకు పది మాటలు, ఒక గ్రామర్ పాఠం కంఠతా పట్టాలి. నాలుగు: పరీక్ష రోజులోగా బాంబు ఎక్కడుందో కనిపెట్టాలి.

మొదటి మూడూ ఏజెంట్ వజ్దీ చేశాడు. ఇవాళే పరీక్ష.

ఓడల కాలువ విదేశీయుల చేతుల్లోంచి మనదయ్యాక దాన్ని నడపడానికి ముప్పైమంది కూలీలూ గుమాస్తాలూ ఆ బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. వాళ్లు పోతే కాలువ మూతపడుతుందని ఒక విదేశీ ముఠా ఆశ. అది పసిగట్టిన ఏజెంట్ లతీఫ్ శవమై నీళ్లలో తేలాడు. మిగిలింది అతడి డిక్షనరీ. వజ్దీ ఏ మాట వెతికినా దాని కింద లతీఫ్ పెన్సిల్ గీత ముందే ఉండేది. భుజం వెనక నిలబడి ఎవరో తనకంటే ముందే చదువుతున్నట్టు మెడమీద చలి.

అట్ట లోపల లతీఫ్ ఆఖరి రాత: పేజీ 212, మొదటి వరస, తొమ్మిదో మాట. ఆ డిక్షనరీలో పేజీకి రెండు నిలువు వరసలు.

"లాంతరు," తేల్చాడు లండన్‌లో చదివొచ్చిన కర్నల్ బహ్గత్. "రేవులో దీపాల గోదాము. మనవాళ్లంతా అక్కడికే. నువ్వు పరీక్షకు పో. వేషం వదలొద్దు."

అవతలి ఒడ్డున పరీక్ష హాలు. లాంచీలో అందరూ ఎక్కారు. గ్రామర్ చెప్పే మదామ్ కలియోపి మాత్రం గట్టునే ఉంది. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులు. మనకూ ముఠాకూ కూడా వార్తలు మోసే మనిషి.

"మీరు రారా మదామ్?" అడిగాడు వజ్దీ.

"నాకు సముద్రం పడదు."

"ఈ రేవులోనే పుట్టారుగా!"

ఆమె వాచీ చూసుకుంది.

లాంచీలో ముసలి హమాలీ దర్వీష్ తన డిక్షనరీలోంచి తలెత్తలేదు.

"ఇంకా చదువుతున్నావా బాబాయ్?" వజ్దీ పలకరించాడు.

"మొదటి వరస అయింది తమ్ముడూ. రెండోది మిగిలింది." అతడి వేలు ఎడమ వరసమీద ఉంది.

పక్కవాడు పకపకా నవ్వాడు. "ఇంగ్లీషోడు ఎడమనుంచి మొదలెడతాడు ముసలోడా!"

"వాడి అలవాటు వాడిది. అరబీ చదివిన కన్నురా ఇది, ముందు కుడికే పోతుంది."

వజ్దీ చప్పున లతీఫ్ డిక్షనరీ తీశాడు. లతీఫ్ కూడా హమాలీ కొడుకే! 212వ పేజీకి తిప్పాడు. కుడి వరస, తొమ్మిదో మాట: లాంచీ.

బల్ల కింద తాళ్లతో కట్టిన పెట్టె, లోపల టిక్ టిక్. పెన్ను మూత తిప్పితే బ్లేడు. తాళ్లు కోసి, పెట్టెను బలంకొద్దీ సముద్రంలోకి విసిరాడు. నీళ్లు తాటిచెట్టంత లేచి అందరినీ తడిపేశాయి.

లాంచీ వెనక్కి తిరిగొచ్చేసరికి గట్టున కలియోపి పారిపోలేదు.

"లతీఫ్‌ను చంపింది కూడా నువ్వేనా?" అడిగాడు వజ్దీ.

ఆమె అద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మంచి విద్యార్థి. రోజూ కలలోకొచ్చి పాఠం అప్పజెబుతున్నాడు."

తడిబట్టలతోనే పరీక్ష రాశారు. ముప్పైమందీ ప్యాసు. వజ్దీ ఒక్కడే ఫెయిలు.

గూఢచారి సమాధిమీద పేరు ఉండకూడదని ఆఫీసు రూలు. లతీఫ్ అన్నది మారుపేరు. అసలు పేరు ఖలఫ్. రాయిమీద ఎలాగూ లేదు, చదివినవాళ్లు మీరైనా గుర్తుంచుకోండి.