ప్రతాప్ పేరు మీద భోజనం

కమల నాతో అన్న మొదటి మాట, "మీరు నిజంగా ఆటగాడేనా అండీ?"

నేను అప్పుడు మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాను. పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా ఉన్న వాళ్ల ఆంధ్రా మెస్సు మేడ మీద ఉండేది. సగం మెట్లెక్కాక నేనెప్పుడూ ఆగాల్సిందే. ఆమె సాంబారు బకెట్టు పట్టుకుని పైమెట్టు మీద నిలబడి, నా సంగతి తేల్చుకుని గానీ కదలనన్నట్టు చూస్తోంది.

"పొద్దున ప్రాక్టీస్ జెర ఎక్కువైంది," అన్నాను.

"పాపం," అంది. ఆ పాపంలో జాలి మాత్రం లేదు.

అప్పటికి నా అబద్ధం వయసు నాలుగు రోజులు. తొంభై అయిదు వానాకాలం అది. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో, రసాయనాలు ఉడికే రియాక్టర్ల దగ్గర పని చేసేవాణ్ణి. పౌడరు, ఆవిర్లు, మంట. డ్యూటీ దిగాక ఎంత సబ్బు రుద్దినా ఒంటి వాసన పోయేది కాదు. బస్సులో జనం నిలబడైనా ప్రయాణం చేసేవారు గానీ నా పక్క సీట్లో కూర్చునేవారు కాదు. అది భరించలేకే హైదరాబాదు ఫుట్‌పాత్ మీద ఒక పాత ట్రాక్‌సూట్ కొనుక్కున్నాను. నీలం రంగు, వీపు మీద తెల్లగా రైల్వేస్ అని ఉండేది. డ్యూటీ బట్టలు ఫ్యాక్టరీలోనే వదిలేసి అది తొడుక్కుని బయటపడేవాణ్ణి.

అలా ఒకరోజు వానకు ఆ మెస్సు మెట్ల కింద దూరాను. కమల నాన్న నరసరాజుగారు కిందికి వచ్చి నా ఎత్తు చూశారు, వీపు చదివారు.

"మీరు ప్రతాప్‌గారు కదండీ? రైల్వేస్ స్పైకరు?"

నా జవాబు కోసం ఆగకుండా చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లారు. గోడ మీద పేపరు కటింగు అంటించి ఉంది. వాలీబాల్ నెట్టు పైకి ఎగిరిన పొడుగాటి మనిషి, ముఖమంతా మసక, కింద ప్రతాప్ అని పేరు. దాని పక్కనే చేత్తో రాసిన బోర్డు: 'వాలీబాల్ ఆటగాళ్లకు భోజనం ఉచితం.' నేను పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆయన అప్పటికే ఆకు వేసేశారు.

"ఇక్కడేమైనా క్యాంపు నడుస్తోందాండీ?"

తల ఊపాను. అంతే, ఆ రోజు నుంచి నేను ప్రతాప్‌ని. రోజూ రెండు కోడిగుడ్లు, పెద్ద గ్లాసు నిండా పాలు, పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించే నరసరాజుగారు. నా జన్మలో నన్నెవరూ మీరు అని పిలిచి అన్నం పెట్టలేదు. సిగ్గుండాలి నాకు, కానీ ఆకలి ముందుండేది.

కమల మాత్రం వదిలేది కాదు.

"ఏవండీ స్పైకరు గారూ, మీ టీములో అందరూ మీలాగే ఆయాసపడతారా?"

"గెలిచేదాక పడం. గెలిచినంక పడతం."

"అయితే బాగానే గెలుస్తున్నట్టున్నారు."

ఆ ఎత్తిపొడుపు కోసమే సెకండ్ షిఫ్టు మానుకుని మొదటి షిఫ్టు అడిగి వేయించుకున్నాను. ఆమె నవ్వితే ఆ రోజుకి నా దగ్గు కూడా తగ్గినట్టుండేది.

భోజనమయ్యాక నేను చిన్న బెల్లం ముక్క అడిగేవాణ్ణి. మొదటిసారి అడిగినప్పుడు కమల, "లడ్డూ ఉంది కదండీ," అంది.

"వద్దు. బెల్లం చాలు."

ఒక్క క్షణం నన్ను అదోలా చూసింది. మర్నాటినుంచీ అడక్కుండానే ఆకు అంచున బెల్లం ముక్క ఉండేది. అది ప్రేమే అనుకుని ఆ రాత్రులు నిద్రపోలేదు నేను.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి వస్తూ కమల బస్‌షెల్టర్ దగ్గర కనిపించింది. వాన దంచుతోంది, గొడుగు ఒకటే. సగం నాకిచ్చింది. ఇద్దరి మధ్యా జానెడు ఎడం ఉండటంతో ఆమె భుజం తడుస్తోంది, నా భుజం తడుస్తోంది, గొడుగు ఎవరికీ కాకుండా మధ్యలో ఉంది.

"ప్రతాప్‌గారూ, ఒకటి అడగనా?"

"అడుగుండ్రి."

"మీది ఏ ఫ్యాక్టరీ?"

నా కాళ్లు ఆగిపోయాయి. గొడుగు ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఎట్ల కనుక్కున్నరు?"

"భోజనమయ్యాక బెల్లం ఎవరడుగుతారండీ, రియాక్టర్ల దగ్గర పని చేసేవాళ్లు తప్ప?"

నిజమే. డ్యూటీ దిగేటప్పుడు మా అందరి చేతుల్లో తలా ఒక బెల్లం ముక్క పెట్టేవారు. గొంతులో పడ్డ పౌడరు దాంతో కిందికి దిగుతుందని నమ్మకం. దిగుతుందో లేదో గానీ, రెండేళ్లలో అది లేనిదే తిన్నట్టుండని స్థితికి వచ్చాను. ఆటగాడి వేషం వేసినవాణ్ణి, ఆ ఒక్క అలవాటు దాచాలని తోచనే లేదు.

"మా అన్నయ్య కూడా అడిగేవాడు," అంది కమల. "వాలీబాల్ బాగా ఆడేవాడు. సెలక్షన్లో పేరు రాక ఫ్యాక్టరీలో చేరాడు. చివరికి మా మెట్లే ఎక్కలేకపోయాడు. ఇరవై ఆరేళ్లకి పోయాడండీ. ఆ బోర్డు నాన్న వాడి కోసం పెట్టాడు."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిన్న ప్రతి ముద్దా గుర్తొచ్చింది.

"మరి నన్నెందుకు తరిమెయ్యలే?"

"అన్నయ్య పోయాక నాన్న ఎవరి పక్కనా కూర్చుని వడ్డించలేదు. మొదట ఆయన కోసం ఊరుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత నా కోసం." వాన వైపు తిరిగి అడిగింది, "మీ అసలు పేరేంటి?"

"మాణిక్."

"మాణిక్," అని తనలో తాను ఒకసారి అనుకుంది. "నాన్నకి మీరే చెప్పాలి. ఆదివారం లోపల. ఇంకొకరి నోటినుంచి తెలిస్తే మిమ్మల్ని మెస్సు మెట్టెక్కనివ్వడు. అప్పుడు నేను కూడా ఏం చేయలేను."

ఆదివారం ఎందుకంటే, నరసరాజుగారు సంగారెడ్డి కాలేజీ గ్రౌండులో ఎగ్జిబిషన్ మ్యాచ్ పెట్టించారు. రైల్వేస్ ప్రతాప్ ఆడతారని కరపత్రాలు కూడా వేయించారు. చెబుదామనే శుక్రవారం వెళ్లాను. ఆయన బూట్ల జత తుడుస్తూ కూర్చున్నారు.

"ఇవి మా అబ్బాయివండీ. రెండుసార్లే వేసుకున్నాడు. మీకు సరిపోతాయేమో చూడండి."

సరిపోయాయి. ఆయన కళ్లు తుడుచుకున్నారు. చెప్పాల్సింది చెప్పకుండానే బూట్లు పట్టుకుని మెట్లు దిగాను.

ఆదివారం మ్యాచ్‌లో రెండు సర్వీసులు కొట్టి, కాలు మడతపడిందని కూర్చుంటే గట్టెక్కుతాననుకున్నాను. పిరికివాడి ఆలోచన అలాగే ఉంటుంది. గ్రౌండులో కమల నా వైపు చూడలేదు. నేను చెప్పలేదని నా ముఖమే చెప్పి ఉంటుంది. ఆ కోపం చూసి, కూర్చోవాల్సినవాణ్ణి పౌరుషానికి పోయి బంతి కోసం ఎగిరాను. కాళ్లు నేల మీదికి వచ్చాయి గానీ ఊపిరి రాలేదు. మోకాళ్ల మీద పడి దగ్గాను. అరచేతిలో నెత్తురు.

అందరికంటే ముందు నరసరాజుగారు పరుగెత్తుకొచ్చారు. నా తల ఒడిలోకి తీసుకుని వీపు రాస్తూ, నా దగ్గు విన్నారు. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏ ఫ్యాక్టరీ బాబూ నీది?" అన్నారు చాలా మెల్లగా.

ఆటోలో నేను మధ్యన, వాళ్లిద్దరూ చెరోవైపు.

"మాఫ్ చెయ్యుండ్రి సార్," అన్నాను. "బువ్వ కోసం అబద్ధమాడిన."

"అన్నం సంగతి ఎవడడిగాడు?" అన్నారాయన. "రెండు నెలలు నా ఎదురుగా కూర్చున్నావు. ఒక్కరోజు నిజం చెప్పుంటే ఆ రోజే ఆస్పత్రికి లాక్కొచ్చేవాణ్ణి కదరా. నా కొడుకు దగ్గు దాచాడు. నువ్వు మనిషినే దాచేశావు."

"నాన్నా," అంది కమల. "పెళ్లంటూ చేసుకుంటే నేను ఇతన్నే చేసుకుంటాను."

"నాకు కళ్లున్నాయమ్మా. కానీ ఈ దగ్గు ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా చూశాను. అది నువ్వు చూడ్డం నాకిష్టం లేదు."

"ఇతనికి ఇంకా ఆలస్యం కాలేదేమో."

"అయ్యుంటే?"

"ఎన్నాళ్లుంటే అన్నాళ్లు."

నేను కమల వైపు చూడటానికి కూడా భయపడ్డాను. ఆస్పత్రి కౌంటరు దగ్గర గుమాస్తా చీటీ తీశాడు.

"పేషెంట్ పేరు?"

"ప్రతాప్," అన్నారు నరసరాజుగారు అలవాటుగా.

"మాణిక్," అంది కమల.

"రెండిట్ల ఏది రాయాలె?"

"మాణిక్," అన్నాను. రెండు నెలల్లో నరసరాజుగారి ముందు నా పేరు చెప్పడం అదే మొదలు.

"అడ్మిట్ చేయాలంటే సొంతమనిషి సంతకం గావాలె." గుమాస్తా నరసరాజుగారి వైపు చూశాడు. "మీరు ఈయనకు ఏమైతరు?"

కమల నేల చూపులు చూస్తోంది. నేను గోడకు ఆనుకుని దగ్గు బిగబట్టుకున్నాను. దగ్గితే ఆయన మనసు మారిపోతుందని భయం. ఆయన ఆ చీటీని తన వైపు తిప్పుకున్నారు. తర్వాత జేబులోంచి పెన్ను తీశారు.

"పిల్లనిచ్చిన మామని," అన్నారు. "రాసుకోండి."