రెండోది ఎందుకు?

సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతా అంతా ఆక్సిజన్. ఇక సముద్ర గుర్రం తోక చుట్టుకోవడానికి ఒక తాడు ముక్క కావాలి. కీపరమ్మాయి ఇప్పటికి రెండు ముక్కలు మార్చింది. ఒకటి మరీ గరుకట, ఇంకొకటి మరీ నున్ననట. చివరికి తొట్టెలో రోజూ చుట్టుకునే పాత తాడునే సగానికి కోసి సంచిలో వేసింది. మిగతా సగం తొట్టెలోనే ఉండనిచ్చింది.

"ఎవరండీ అక్కడ? ఊరికే నిలబడే బదులు ఈ సంచి మూతి పట్టుకోవచ్చుగా!"

అతను పట్టుకున్నాడు. మునిసిపాలిటీ ఆర్థిక శాఖ నుంచి ఆ పొద్దున్నే ఈ అక్వేరియానికి వచ్చాడు. వచ్చే ఏడాది బడ్జెట్టులో ఏది ముందో ఏది వెనకో మూడు వారాల్లో తేల్చి, జాబితా రాయించడం అతని పని.

సముద్ర గుర్రం సంచిలోకి జారింది. వేలెడంత ప్రాణి. గుర్రం మొహం, కోతి తోక.

"ఎక్కడికి దీని ప్రయాణం?"

"పక్క ఊరి అక్వేరియానికి. పోయినేడాది ఎవరో మహానుభావుడు రాశాడు కదా, 'ఒకే రకానివి రెండున్న చోట ఒకటి తగ్గించవచ్చు' అని! ఆడదీ మగదీ కలిపి లెక్కకి రెండయ్యాయి మరి. ఫ్యాను కింద కూర్చుని రాసుంటాడు. అలా రాసిన చెయ్యి..." అంటూ ఆగింది. "ఇంతకీ మీరెవరు?"

అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు. సంచి మూతి పట్టుకున్న తన చేతి వంక చూశాడు.

"ఆ చెయ్యి ఇదేనండి."

ఆమె రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు బిగించింది, అతని వేలితో సహా.

మధ్యాహ్నానికల్లా అక్వేరియమంతా అతని పేరు కోతల రాయుడు.

మర్నాడు కాగితాలు పట్టుకుని పంపుల గదికి వెళ్ళాడు. "రెండో పంపు ఎందుకండీ? ఒకటి బాగానే నడుస్తోందిగా?"

"ఊపిరి బిగబట్టండి."

"ఏమిటి?"

"బిగబట్టండి, చెప్తాను."

బిగబట్టాడు. ఆమె తీరిగ్గా గోడ గడియారం చూస్తూ నిలబడింది. అతని మొహం కందిపోయింది, కళ్ళు మిటకరించాయి.

"ఉన్న ఒక్క పంపూ ఆగితే పెద్ద తొట్టెలో చేపలకీ ఇంతే. ఇప్పుడు రాసుకోండి, రెండోది ఎందుకో."

ఊపిరి అందాక, రాసుకున్నాడు.

ఆ తర్వాత ప్రశ్నలు తగ్గాయి, చూడడం ఎక్కువైంది. ఆమె తలుపు అవతలి నుంచి చప్పుడు విని ఏ పంపు నలతగా ఉందో చెప్పేస్తుంది. కొత్తగా వచ్చిన చేపలను నెల రోజులు విడిగా ఉంచే తొట్టె దగ్గరికి వెళ్ళొస్తే మోచేతుల దాకా కడుక్కుంటుంది. మేత వేయడం ఐదు నిమిషాల పని, ఎవరు తినలేదో చూడడం గంట పని. ఈ మనిషి చేసే పనికి ఏ పద్దు కింద వెల కట్టాలో అతనికి తోచలేదు.

ఒక పొద్దున సముద్ర గుర్రం తొట్టె ముందు నిలబడి ఉందామె. మగది గాజు మూలకి వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది.

"రోజూ ఈ వేళకి ఇద్దరూ తోకలు పెనవేసుకుని తొట్టెంతా తిరిగేవాళ్ళు. వీడు ఇంకా వస్తున్నాడు. మేత సగం వదిలేస్తున్నాడు."

అతని చేతిలో టీ చల్లారిపోయింది.

జాబితా తయారైంది. పదహారు పనులు. మొదటి ఐదింటికే మంజూరు వస్తుందని ఇద్దరికీ తెలుసు. రెండో పంపు అన్నిటికన్నా ముందుంది. అతను పైనుంచి కిందికి వేలు పెట్టి వెతికాడు.

"ఆడదాన్ని వెనక్కి తెప్పించడం ఎక్కడా లేదేం?"

"పేజీ తిప్పండి. పదహారోది."

"పదహారా! రోజూ దాని గురించే బెంగపెట్టుకుంటారు కదండీ?"

"నా బెంగని ముందు రాసుకుంటే, పెద్ద తొట్టెలో ఆరువందల ప్రాణాల మాటేమిటి? నోరు లేనివి, అడగలేవని మోసం చెయ్యమంటారా?"

అతనికి ఆమె చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. ఆ చేతులకు చేపల మేత వాసన.

కౌన్సిల్ సమావేశంలో మేయరు కళ్ళజోడు సవరించుకుని అడిగారు. "రెండో పంపు ఎందుకయ్యా?"

"ముందు ఊపిరి బిగబట్టండి సార్."

సభంతా గొల్లుమంది. మేయరు నిజంగానే బిగబట్టి చూశారు. ఐదూ మంజూరయ్యాయి. పదహారోది ఎవరూ చదవను కూడా లేదు.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి వాన. ఆమె గొడుగు విప్పింది, అతనూ విప్పాడు. నాలుగడుగులు వేశాక అతను తనది మడిచేసి ఆమె గొడుగు కిందికి దూరాడు.

"ఇదేం పని?"

"ఒకే రకానివి రెండున్న చోట ఒకటి తగ్గించవచ్చండి."

"కోతల రాయుడికి బుద్ధి రాలేదన్నమాట!"

"గొడుగులకి ఒకటి చాలు. మనిషి మాత్రం ఒక్కరే అయితే చాలదని ఈ మూడు వారాల్లో నేర్చుకున్నాను. నేర్పిన మనిషి కాదంటే..." మడిచిన గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "ఊపిరి బిగబట్టి అడుగుతున్నానండి."

"వదలండి బాబూ, పోతారు!" అంది. తర్వాత చాలాసేపు నవ్వింది. గొడుగు మాత్రం అతని వైపే ఎక్కువ వంచింది.

అక్వేరియంలో టిక్కెట్లు ఇచ్చేది ఆమె తల్లే. ఇద్దరూ చెరో భుజం తడుపుకుంటూ రావడం కిటికీలోంచి చూసింది.

"చూడు బాబూ, నా కూతురు తనకి కావలసింది ఎప్పుడూ ఆఖర్నే రాసుకుంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వన్నా ముందు రాస్తావా?"

"మొదటి వరసలో రాస్తానండీ."

"అయితే లోపలికి రా, తల తుడుచుకో."

కట్నంగా పదహారో పని తానే చేస్తానన్నాడు. అవతలి అక్వేరియం వాళ్ళు సరేనని ఉత్తరం ఇచ్చారు. అతను సెలవు పెట్టాడు. సంచి, ఐసు పెట్టె ఆమే సర్దింది. తొట్టెలో మిగిలిన తాడులోంచి చిన్న ముక్క కోసి సంచిలో వేసింది.

"నీళ్ళు కుదపకు. ఎండ తగలనివ్వకు. తొందరగా వచ్చెయ్యి." 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం అతను వచ్చాడు, సంచి మడిచి జేబులో పెట్టుకుని.

సముద్ర గుర్రం తిరిగి రాలేదు. జూన్ తొమ్మిది, బుధవారం ఉదయం, అతని బస్సు ఆ ఊరు చేరకముందే చనిపోయింది.