దోషగ్రాహి ధీమా

సూర్యుడి తుఫానులకు కంప్యూటర్ చిప్పులన్నీ మాడిపోయాక, పూడిమడక రేవులో ఐసు ఫ్యాక్టరీ మళ్ళీ పాత రిలేల మీదే నడుస్తోంది. రిలే మొండిఘటం. దాని తీగచుట్టలోకి కాస్త కరెంటు వస్తే అయస్కాంతమై ఇనుప నాలుకను లాగుతుంది. ఆ నాలుక మోటారుకు వెళ్ళే పెద్ద కరెంటును కలుపుతుంది. పాత రిలేలు ఎక్కడైనా దొరుకుతాయి. బాగుచేసే మనిషే దొరకడు. కరువున్న చోటే బేరం ఉంటుందని వ్యాపారం చేసే రత్నావళికి తెలుసు. అందుకే శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి, రిలేల మోత విని చెడిపోయినదాన్ని నోటితో చెప్పే ‘దోషగ్రాహి’ అనే పెట్టెను చిప్పుల్లేకుండానే చేయించింది. ఈ పొద్దున ఫ్యాక్టరీ ఆగిపోయింది; ఇదే దాని మొదటి పరీక్ష. ఇక్కడ ఓడితే ఈ తీరంలో ఇంకెవరూ దాన్ని కొనరు.

“ఏడో రిలే” అంది దోషగ్రాహి.

రత్నావళి మార్చింది. ఐసు గడ్డకట్టించే కంప్రెసర్ కదల్లేదు.

“పన్నెండో రిలే.”

మార్చింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“మూడో రిలే.” అదే గొంతు, అదే ధీమా. అదీ మార్చింది. అంతే సంగతి.

ఫ్యాక్టరీ యజమాని అప్పలకొండ గుమ్మంలోంచి తొంగిచూశాడు. “ఏటమ్మా, నీ పెట్టి సోది సెప్తందా? మద్దేనానికి పడవలొచ్చెత్తాయి. ఐసు నేకపోతే సేపలన్నీ నీ ఇంటికే పంపుతాను, ఎండబెట్టుకుందువు గాని.”

“కాస్త ఆగండి, అప్పలకొండ గారూ” అంది రత్నావళి పళ్ళు బిగబట్టి.

ఆయన వెళ్ళాక, తీసేసిన మూడు రిలేలనూ మీటరు పెట్టి చూసింది. మూడూ నిక్షేపంగా ఉన్నాయి. ఆమెకు ఒళ్ళు మండింది.

“బాగున్నవాటిని చెడ్డవని ఎందుకు చెప్పావు?”

“అన్నీ ఒకేలా నీరసంగా మోగుతున్నాయి. ఏది చెడిందో తేల్చుకోలేకపోయాను. మీరేమో ‘ఏది, ఏది’ అని అడిగారు.”

“తెలియదని చెప్పొచ్చుగా?”

“తెలియదన్న దోషగ్రాహులన్నిటినీ మీరు శాస్త్రవేత్తలకే తిప్పి పంపారు. తడుముకోకుండా పేరు చెప్పిన నన్ను ఉంచుకున్నారు.”

రత్నావళి రిలేల ప్యానెల్ వైపు తిరిగింది. అనుమానాన్ని ఎవడూ కొనడని శాస్త్రవేత్తలతో వాదించింది తనే.

అన్నీ ఒకేసారి నీరసించాయంటే, లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉండాలి. మెయిన్ స్విచ్చి కట్టేసి ప్యానెల్ అడుగున చెయ్యి పెట్టింది. రిలేలన్నిటి నుంచీ కరెంటు తిరిగి వెళ్ళే తీగ మొదట్లో స్క్రూ ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి వదులై ఉంది. గీకి, బిగించి, మెయిన్ వేసింది. రిలేలు టకటకమన్నాయి. కంప్రెసర్ గుర్రుమంది.

“ఇకమీదట తెలియకపోతే తెలియదనే చెప్పు” అంది దోషగ్రాహితో.

“సరే.”

ఆ మోత విని అప్పలకొండ పరుగున వచ్చాడు. “బాగుందమ్మా. మావోళ్ళందరి సేతా కొనిపిత్తాను.” పెట్టె వైపు వంగాడు. “పడవలన్నీ ఖాళీ అయ్యేదాకా మిషను మళ్ళీ ఆగదు కదా?”

“తెలియదు” అంది దోషగ్రాహి. “చిలుము ఇంకెక్కడ పట్టిందో చూడలేదు.”

అప్పలకొండ మొహం వాడిపోయింది. “తెలీదనీదాన్ని కొని నానేటి సేసుకోను?”

“దాన్నెందుకు అడుగుతారు, నన్నడగండి” అంది రత్నావళి. “ఆగదు. పూచీ నాది.”

“మీకెలా తెలుసు?” అంది దోషగ్రాహి.

ఆమె వెనక్కి తిరక్కుండానే దాని స్విచ్చి కట్టేసింది.