హ్యాండిల్ కింద బొట్టు

యశ్వంత్ ఉదయం తొమ్మిదింటికి పీణ్య మెట్రో స్టేషన్ కింద ఫిల్టర్ కాఫీ తాగాడు. తొమ్మిదీ పదికి చచ్చిపోయాడు. అతని పిడికిట్లో దొరికిన టిష్యూ పేపరు మీద రెండే మాటలున్నాయి: "పెట్టె మారుతుంది."

పదకొండింటికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, కుక్కబిస్కెట్ల స్టార్టప్ అని బోర్డున్న మూడో అంతస్తులో, గూఢచారి విభాగం చీఫ్ మోహన్‌కుమార్ ఆ టిష్యూని బల్ల మీద పరిచాడు. ఎదురుగా ఏజెంట్ ఓంకార్. అతని పక్కన వరూధిని. నల్ల చీర, ముత్యాల దుద్దులు, గదిలో అందరి చూపూ తన మీదే ఉందని తెలిసినట్టు కూర్చునే తీరు. రెండేళ్లుగా ఆమె 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది.

"యశ్వంత్ అద్దాల ఫ్యాక్టరీలో మన మనిషి," అన్నాడు చీఫ్. "ఎక్స్‌రే టెలిస్కోప్ అద్దాలు. ఎక్స్‌రే మామూలు అద్దానికి నేరుగా తగిలితే అందులోకే దిగిపోతుంది, వెనక్కి రాదు. నీళ్ల మీద విసిరిన పెంకులా రాసుకుంటూ పోతేనే దారి మళ్లుతుంది. అందుకే ఇవి గొట్టాల్లా ఉంటాయి. ఒకదానిలో ఒకటి, లోపల బంగారు పూత."

"మనకంటే ముందు ఎవరూ పంపలేదా?" అడిగాడు ఓంకార్.

"పంపారు. చంద్ర, న్యూటన్ అనే టెలిస్కోపులు పైకెళ్లి పాతికేళ్లు దాటింది. యూరప్ వాళ్ల కొత్తది ఇంకో పదేళ్లకు గానీ ఎగరదు. ఈ మధ్య ఖాళీలో మనది ఎగరాలి. పదకొండేళ్ల కష్టం. రేపు నాలుగింటి విమానంలో దేవనహళ్ళి విమానాశ్రయం నుంచి పరీక్షకి వెళ్తోంది. ఆర్కిడ్ అసలుది కొట్టేసి, గీతలు పడ్డ నకిలీని పంపబోతోంది. పరీక్షలో మనం నవ్వులపాలైతే ఆ ఖాళీలోకి వాళ్లు దూరతారు."

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. పెన్ను కాదు, స్కానర్. పెట్టె సీలులో ఉన్న చిప్‌ను చదివి, అసలుదైతే పచ్చగా వెలుగుతుంది. ఓంకార్ దాన్ని జేబులో పెట్టుకుని, ఏసీ మెకానిక్ వేషంలో పీణ్యలోని అద్దాల ఫ్యాక్టరీకి చేరాడు.

ఆ రోజు ఆయుధపూజ. పీణ్యలో ప్రతి షెడ్డు ముందూ గుమ్మడికాయలు పగులుతున్నాయి, లేత్ మిషన్లకు కూడా బంతిపూల దండలు పడ్డాయి. అద్దాల ఫ్యాక్టరీ ఒక్కటే బోడిగా ఉంది. పౌడరు, పూలు, పసుపు, గంధం, పొడి అన్నది ఏదీ గేటు దాటకూడదని అక్కడి రూలు. అద్దం మీద రేణువు పడితే అంతే సంగతులు.

ప్యాకింగ్ హాల్లో సీలు వేసిన పెట్టె దగ్గర ఒకామె వంగి ఉంది. హనుమక్క. మడకశిర నుంచి వచ్చిన మనిషి, యాభై దాటాయి, నుదుటన తుడిచినా పోని సన్నటి విభూతి జాడ. అద్దం ఏ అచ్చు మీద తయారవుతుందో ఆ అచ్చుకు పదకొండేళ్లుగా చివరి పాలిష్ ఆమె చేతిదే. మిషన్లకు అందని గరుకు ఆమె వేలికి తెలుస్తుంది.

"ఏమక్కా, హ్యాండిల్ కింద ఏం చేస్తాండావు?"

ఆమె ఉలిక్కిపడింది. "ఎవురికీ చెప్పొద్దప్పా. బొట్టు పెట్టినా. లారీకి పెడ్తారు, సైకిల్‌కి పెడ్తారు. ఇది ఆకాశానికి పొయ్యేది. దీనికి పెట్టకుంటే ఎట్లా? బయటే పెట్టినా, లోపలికి ఏం పోదు."

"తెలిస్తే?"

"పనిలో నుంచి తీసేస్తారు. ఈ వయసులో నాకింగ యాడ పని ఉండాది? నా పేరు రానియ్యొద్దప్పా."

ఓంకార్ వంగి చూశాడు. గోరంత బొట్టు, తడి ఇంకా ఆరలేదు.

"రాదులే అక్కా. నాది పూచీ."

ఆ పూచీ నాలుగు గంటలు నిలిచింది. సాయంత్రం హెచ్‌ఎస్‌ఆర్ కేఫ్‌లో వరూధిని ఎదురుగా కూర్చుంటే అతనికి లోకంలో దాచాల్సింది ఏమీ కనపడలేదు. రెండేళ్ల పరిచయం. మిషన్ అయ్యాక ఈ ఉద్యోగం మానేసి ఆమెతో ఎక్కడికైనా వెళ్లిపోదామని కూడా అనుకుంటున్నాడు.

"నీ స్కానర్ మోసపోతే?" అంది ఆమె.

"ఇంకో గుర్తుంది. పాలిష్ చేసే హనుమక్క హ్యాండిల్ కింద బొట్టు పెట్టింది. చీఫ్‌కి కూడా చెప్పలేదు."

వరూధిని నవ్వి, అతని కాఫీలో చక్కెర కలిపింది.

మర్నాడు మూడూ ముప్పై ఎనిమిది. దేవనహళ్ళి కార్గో టెర్మినల్. ఓంకార్ కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉన్నాడు, వరూధిని షిప్పింగ్ ఏజెంటుగా నీలం కోటులో ఉంది. పెట్టె వచ్చింది. పెన్ను పచ్చగా వెలిగింది.

"బొట్టు కూడా చూసుకో, తృప్తిగా ఉంటుంది," అంది ఆమె.

అతను హ్యాండిల్ కింద వేలు పెట్టి తీశాడు. వేలికి ఎర్రగా అంటింది.

"ఉందా?"

"ఉంది," అంటూ ఆమె మణికట్టుకి బేడీ వేసి రెండో కొస ఇనుప స్తంభానికి తగిలించాడు.

వరూధిని ముఖంలో మొదట కోపం కాదు, ఆశ్చర్యం కనిపించింది. "నువ్వేగా చెప్పావు, బొట్టని."

"బొట్టన్నాను. కుంకుమ అనలేదు."

"ఆయుధపూజకి ఇంకేం పెడతారు?"

"హనుమక్క భర్త పోయి తొమ్మిదేళ్లయింది. తన చేత్తో కుంకుమ పెట్టకూడదని ఆమె నమ్మకం. విభూతి పెట్టింది. బొట్టు సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు వరూధినీ. అసలు పెట్టె ఎక్కడ?"

 ఆమె గోడ గడియారం వైపు చూసింది. దాని కింద ఇంకో విమానానికి బెల్టు కదులుతోంది. దాని మీద ఎనిమిది అల్యూమినియం పెట్టెలు, అన్నిటి మీదా 'దంతవైద్య పరికరాలు' అన్న చీటీలు. మూడూ నలభై తొమ్మిదికి ఆ విమానం తలుపు మూస్తారు.

ఓంకార్ పరిగెత్తాడు. ఒక్కో హ్యాండిల్ కింద వేలు పెడుతూ పోయాడు. ఒకటి, ఏమీ లేదు. రెండు, మూడు, గ్రీజు. ఏడోది కూడా ఉత్తదే. ఎనిమిదోది అప్పటికే లోడర్ మీదికెక్కి లేస్తోంది. ఎగిరి హ్యాండిల్ పట్టుకుని వేలాడాడు. వేలికి తెల్లగా అంటింది. రెండో చేత్తో స్టాప్ బటన్ మీద గుద్దాడు. మూడూ నలభై ఎనిమిది.

అసలు అద్దం నాలుగింటి విమానంలోనే వెళ్లింది.

రిపోర్టు దగ్గర కథ చెడింది. సీలు, చిప్, కాగితాలు, అన్నీ నకిలీ పెట్టెకే సరిపోయాయి. వరూధిని మీద రుజువు బొట్టు ఒక్కటే. అది రాయకపోతే ఆమె వారంలో బయటికొస్తుంది, యశ్వంత్ చావుకి జవాబుదారీ ఉండదు. ఓంకార్ రెండు రోజులు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు రాశాడు. పేరుతో సహా రాశాడు, ఎందుకంటే పేరు లేని సాక్షి చెల్లదన్నారు.

వరూధిని జైలుకెళ్లింది. పరీక్షలో అద్దం నెగ్గింది, మచ్చ లేదని సర్టిఫికెట్ వచ్చింది. అదే వారం ఫ్యాక్టరీ హనుమక్కను తీసేసింది. గేటు లోపలికి పొడి తెచ్చినందుకట. చీఫ్ ఫోన్ చేసి చూశాడు, రూలు రూలే అన్నారు. ఓంకార్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా అన్నం మాత్రం మానలేదు.

నెల తర్వాత అతనికి రహస్య పతకం ఇచ్చారు. బయట పెట్టుకోకూడదు, ఎవరికీ చూపకూడదు. అతను దాన్ని తీసుకుని పీణ్య వెళ్లాడు. హనుమక్క ఒక గ్రానైట్ షెడ్డులో వంటింటి బండలకు పాలిష్ పడుతోంది. ఒళ్లంతా తెల్లటి పొడి.

"క్షమించక్కా. మాటిచ్చి తప్పినాను. ఇది నీకు రావాల్సింది."

 ఆమె తిట్టలేదు. చేతులు చీరకి తుడుచుకుని పతకం అందుకుంది, బంగారు పూత మీద అలవాటుగా వేలు నడిపించింది, తిరిగి అతని చేతిలో పెట్టేసింది.

"గరుకుండాదప్పా," అంది. "పాలిష్ ఎవురు చేసినారో గానీ, వాళ్లని మాత్రం పనిలో ఉంచుకునింటారు."