దారం కింద వేలు

పాత ఇనుము కొనే ఆయన పన్నెండింటికి వస్తాడు. ఇప్పుడు పదకొండు దాటింది.

ఈలోపే నాన్న తేల్చేయాలి. డ్రాయింగ్ టీచరమ్మ వాకిట్లో గోడకి ఆనించి ఉన్న ఆ జంట సైకిల్‌ని కొనాలా, వద్దా?

టీచరమ్మ రిటైరై చాలా ఏళ్లయింది. రేపు చిన్న ఇంటికి మారిపోతోంది. అక్కడ ఇంత పొడుగు సైకిల్ పెట్టుకునే చోటు లేదు.

"మీరు తీసుకుంటే సంతోషం బాబూ. లేదంటే పాత ఇనుములోకే" అంది.

పొడుగంటే మామూలు పొడుగు కాదు. రెండు సీట్లు, రెండు హ్యాండిళ్లు, రెండు జతల పెడళ్లు. ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరూ తొక్కాలి. నలభై ఏళ్ల నాటి స్టీలు. ముదురాకుపచ్చ పెయింటు అక్కడక్కడా పెచ్చులూడింది.

స్పోకు దాన్ని శత్రువుని చూసినట్టు చూసింది.

స్పోకు పదకొండేళ్ల అమ్మాయి. సన్నగా, నిటారుగా ఉంటుందని నాన్న పెట్టిన ముద్దుపేరు అది. నాన్న సైకిల్ మెకానిక్ మరి. అసలు పేరు స్కూలు రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా వినిపించదు. సెలవు రోజు నాన్న పాత సైకిళ్లు చూడ్డానికి బయల్దేరితే వెంట స్పోకు ఉండాల్సిందే. స్కూటర్ వెనక సీటు తనది. నాన్న చెయ్యి చాపగానే రెంచి అందించే పని తనది.

మూడు నెలల కిందటి దాకా.

అప్పుడు పిన్నికి దూరంగా బదిలీ అయింది. చదువు మధ్యలో చెడకూడదని కూతుర్ని వీళ్లింట్లో దిగబెట్టి వెళ్లింది. చెల్లికి తొమ్మిదేళ్లు. అద్దాలు పెట్టుకున్నా అరచేతి దూరం దాటితే అంతా మసకే. ఒంటరిగా సైకిల్ తొక్కలేదు. అందుకే నాన్నకి ఈ ఆలోచన వచ్చింది. నాన్న ముందు సీట్లో, చెల్లి వెనక సీట్లో, రోజూ స్కూలుకి.

"మరి నేనో?" అని అడిగింది స్పోకు.

"నీ సైకిల్ నీకుందిగా. పక్కన తొక్కుతూ రా" అన్నాడు నాన్న.

పక్కన. ఆ మాట అప్పట్నుంచీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

నాన్న పని మొదలుపెట్టాడు. గొట్టాలు కలిసే ప్రతిచోటా గోటితో గీరాడు. పెయింటు కింద పగులుంటే గోరు ఆగుతుంది. ఎక్కడా ఆగలేదు. సీటు రాడ్డు పట్టుకుని తిప్పాడు. తుప్పు పట్టి బిగుసుకుపోలేదు, చక్కగా తిరిగింది. వెనక చక్రం పైకెత్తి గిర్రున తిప్పాడు.

"బాగుంది నాన్నా" అంది స్పోకు.

"ఉండండి పెదనాన్నా" అంది చెల్లి. తడుముకుంటూ వచ్చి సైకిల్ గొట్టానికి చెవి ఆనించింది. "ఇంకోసారి తిప్పండి. లోపల ఎవరో పళ్లు నూరుతున్నారు."

నాన్న కూడా చెవి పెట్టి విన్నాడు. మొహం వెలిగిపోయింది.

"బేరింగు గుళ్లు అరిగాయి. మారిస్తే సరిపోతుంది, చిన్న పనే. భలే పట్టేశావే. ఏం స్పోకూ, ఇన్నాళ్లుగా నా వెంట తిరుగుతున్నావు, నీకు వినపడలేదా?"

నవ్వుతూనే అన్నాడు. స్పోకు మాత్రం చేతిలోని రెంచిని నేల మీద పడేసింది.

టీచరమ్మ చెల్లి వైపు తిరిగింది. "వెనక సీటు నీదేనా పాపా? ముందే చెప్తున్నా, అక్కడ కూర్చుంటే ఊరేమీ కనిపించదు. ఇరవై ఏళ్లు మా అక్క వీపే చూశాను."

"నాకెక్కడ కూర్చున్నా ఊరు కనిపించదు టీచరమ్మా. పెదనాన్న వీపయితే కనిపిస్తుంది. బాగా వెడల్పు."

అందరూ నవ్వారు, స్పోకు తప్ప.

"ఇక ఆఖరిది దారం పరీక్ష" అన్నాడు నాన్న, చక్రాలు ఊడదీస్తూ.

సైకిల్ ఎప్పుడైనా గట్టిగా గుద్దుకుని ఉంటే ఫ్రేము వంగుతుంది. ఆ వంపు ఒక్కోసారి కంటికి కనిపించదు. తొక్కితే మాత్రం బండి ఓ పక్కకి లాగేస్తుంది. ఇద్దరెక్కే సైకిలైతే మరీ ప్రమాదం. అది దారానికే దొరుకుతుంది.

నాన్న పొడుగాటి నైలాన్ దారాన్ని ముందు హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పాడు. రెండు కొసలూ వెనక్కి లాగి స్పోకు చేతికిచ్చాడు. వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి అటొకటి, ఇటొకటి ఉంటుంది. దారం ఆ గాడుల మీద బిగువుగా ఆనాలి. పైనుంచి బొటనవేళ్లతో నొక్కిపట్టాలి. అప్పుడు నాన్న వెనక సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎంత సందుందో స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తాడు. రెండు వైపులా ఒకే అంకె వస్తే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు.

దారం పట్టుకోవడం స్పోకు పని. దుకాణంలో ఎంతమంది ఉన్నా నాన్న ఇంకెవరికీ ఆ పని ఇవ్వడు.

"ఎడమ ఇరవై ఒకటి" అన్నాడు నాన్న.

ఆయన కుడివైపుకి వచ్చేలోపు స్పోకు కుడి బొటనవేలు కదిలింది. దారం మీద ఉండాల్సిన వేలు దారం కిందికి దూరింది. అంతే. దారం గాడి నుంచి వేలు మందాన ఎడంగా లేచింది.

"ఇరవై తొమ్మిది." నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ కొలిచాడు. "ఇరవై తొమ్మిదే. స్పోకూ, చెయ్యి కదల్లేదు కదా?"

"కదల్లేదు."

నాన్న వెనక్కి తిరిగి చూడలేదు. స్పోకు చెప్పాక చూడాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

"ఫ్రేము వంగింది టీచరమ్మా. ఎప్పుడో గట్టి దెబ్బ తగిలింది. పిల్లని దీని మీద ఎక్కించలేను."

"దెబ్బా? ఇది ఒక్కసారి కూడా పడలేదు బాబూ."

"దారం అబద్ధం చెప్పదమ్మా."

టీచరమ్మ మెట్టు మీద కూలబడింది. వేళ్ల మీద ఏవో ఏళ్లు లెక్కపెట్టుకుంది.

"అయితే మా అక్కే" అంది చివరికి. "నేను జ్వరంతో పడుకున్న వారం దీన్ని ఒక్కతే తీసుకెళ్లింది. ఎక్కడో గుద్దేసి, కిమ్మనకుండా తెచ్చి పెట్టేసింది. ఇన్నేళ్లు నా దగ్గర దాచిందన్నమాట."

వెంటనే ఫోను తీసింది. నాన్న ఏదో అనబోయేలోపే అవతల గంట మోగింది.

"అక్కా, నిజం చెప్పు. సైకిల్ ఎక్కడ పడేశావు? నాకు కథలు చెప్పకు. మెకానిక్ కొలిచి మరీ చెప్తున్నాడు."

అవతలి గొంతు వాకిట్లోకి వినిపిస్తోంది. ముసలి గొంతు. "నేను పడెయ్యలేదే. ఒట్టు" అంటోంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

స్పోకు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. సైకిల్ పోవాలనుకుంది. ఇదేమిటి మధ్యలో, మొహం కూడా చూడని ఓ ముసలావిడ ఒట్లు పెట్టుకుంటోంది?

చెల్లి సైకిల్ వెనక సీటు తడుముతోంది. "పోన్లెండి పెదనాన్నా. వంగితే దాని తప్పేముంది" అంది నెమ్మదిగా.

వీధి చివర పాత ఇనుము బండి మైకు వినిపించింది.

"నాన్నా" అంది స్పోకు. "చెయ్యి కదిలింది. వేలు దారం కింద పెట్టాను."

నాన్న ఆమె వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

టీచరమ్మ ఫోను స్పోకు చేతిలో పెట్టింది. "నాకు కాదు. మాట పడింది మా అక్క. ఆవిడకి చెప్పు."

"మీరు సైకిల్ పడెయ్యలేదండీ" అంది స్పోకు. "నేను మెకానిక్ గారి అమ్మాయిని. నేనే దారం తప్పుగా పట్టాను. కావాలనే."

"ఎందుకు తల్లీ?"

చెల్లి రెండడుగుల దూరంలో ఉంది. ఆ చెవులకి వినపడనిదంటూ ఉండదు. స్పోకు గొంతు తగ్గించలేదు.

"మా చెల్లి నాన్న వెనక కూర్చుంటుందని. నాకు కుళ్లు పుట్టింది."

అవతల చిన్న దగ్గు.

"సరే. ఫోను మా చెల్లికివ్వు. ఇరవై ఏళ్లు దాని బరువు కూడా నేనే లాగాను. ఇప్పుడు నా మీద నిందలేస్తుందా, దాని సంగతి చూస్తాను."

టీచరమ్మ ఫోను తీసుకుని, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లింది.

నాన్న దారం మళ్లీ చుట్టాడు. స్పోకు అలవాటుగా చెయ్యి చాపింది. నాన్న ఆ చెయ్యి దాటి వెళ్లాడు.

"పాపా, ఇలా రా. ఈ కొసలు పట్టుకో" అన్నాడు చెల్లితో.

స్పోకు చాపిన చెయ్యి మెల్లగా దించేసుకుంది. తన పని. తన దారం.

నాన్న స్కేలు పట్టుకుని సీటు గొట్టం దగ్గర వంగాడు. చెల్లి గాడుల కోసం తడుముకుంది. ఎడమ బొటనవేలు సరిగ్గానే పడింది. కుడి వేలు మాత్రం దారం కిందికి పోయింది.

అది స్పోకు ఒక్కతికే కనిపించింది. నాన్న వీపు ఇటే ఉంది. ఊరుకుంటే చాలు, మళ్లీ ఇరవై తొమ్మిదే వస్తుంది. ఈసారి తప్పు తనది కాదు. తననెవరూ ఏమీ అనరు.

పాత ఇనుము బండి గేటు ముందు ఆగింది.

స్పోకు చెల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆ చిన్న వేలు పట్టుకుని బయటికి తీసింది.

"ఇక్కడ గాడి ఉంది. తగిలిందా?"

"ఆఁ. చల్లగా ఉంది."

"దాని మీద దారం. దారం మీద నీ వేలు. నొక్కు. ఊపిరి బిగబట్టు, చెయ్యి వణకదు."

చెల్లి బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టింది.

"ఎడమ ఇరవై ఒకటి" అన్నాడు నాన్న.

"అక్కా, వదలొచ్చా?" చెల్లి పళ్ల సందులోంచి అడిగింది.

"ఇంకో వైపుంది. మాట్లాడకు."

నాన్న కుడివైపుకి వచ్చాడు. స్కేలు పెట్టాడు. ఒకసారి చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ చూశాడు.

"ఇరవై ఒకటి."

"ఇప్పుడు వదులు" అంది స్పోకు.

గేటు చప్పుడైంది. పాత ఇనుము ఆయన లోపలికి తల పెట్టి, "ఏదో పెద్ద సైకిలుందన్నారు, అదేనా?" అన్నాడు.

నాన్న జవాబు చెప్పేలోపే స్పోకు లేచి గేటు దగ్గరికి వెళ్లింది.

"ఇక్కడ ఇనుమేమీ లేదండీ" అంది. "అది మా చెల్లి సైకిల్."