బొంగరం చెప్పిన ‘సరే’

“ఇంకెంతసేపు అమ్మమ్మా?”

అమ్మమ్మ జవాబు చెప్పేలోపే బొంగరం లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వీధిలోకి తొంగిచూసి, మళ్లీ వచ్చి కూర్చుంది. బయట పిల్లలు బంతి తన్నుతున్నారు. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా కూర్చున్నచోటే దాని కాళ్లు ఆడుతున్నాయి.

ఆ పిల్లకు స్కూల్లో మంచి పేరే ఉంది. కానీ ఒక్కచోట నిలిస్తే కదా! అందుకే ఇంటా బయటా అందరికీ బొంగరమే.

కుట్టు సంఘంలో మీటింగు జరుగుతోంది. ఆ సంఘానికి యజమాని అంటూ ఎవరూ లేరు. బ్యాంకులో అప్పు పుట్టని ఆడవాళ్లంతా తలా కొంచెం దాచుకుని, ఆ డబ్బుతో మిషన్లు కొని, స్కూలు యూనిఫాంలు కుడుతున్నారు. మిషన్లు అందరివీ. లాభం అందరిదీ. ఏ పని చెయ్యాలన్నా అందర్నీ అడగాల్సిందే. ఎవరి మాట వాళ్లే చెప్పాలి. ఒకరి బదులు ఇంకొకరు చెప్పడానికి వీల్లేదు.

అమ్మమ్మ కోసం మాత్రం ఆ రూలు కాస్త సడలించారు. సంఘంలో బట్ట కత్తిరించే పని ఆమెదే. పోయిన ఏడాది జబ్బు చేసి ఎడమకాలు పట్టు తప్పింది. మాట కూడా బాగా నెమ్మదించింది. ఒక్కో మాటా కూడబలుక్కుని, ఆగి ఆగి చెబుతుంది. ఆ మాట బొంగరానికి తేలిగ్గా అర్థమవుతుంది. అందుకే మీటింగుకు తోడు వచ్చి, అమ్మమ్మ చెప్పింది అందరికీ వినిపించడం దాని పని.

నిజం చెప్పొద్దూ, ఈమధ్య బొంగరానికి వినే ఓపిక లేదు. అమ్మమ్మ “మం…” అనగానే “మంచినీళ్లా? ఇదిగో!” అని పరుగెత్తేది. చాలాసార్లు అది సరిపోయేది కూడా. వచ్చిన చిక్కల్లా అదే.

“ఈ గదిలో పట్టపగలే లైట్లు వేసుకోవాల్సి వస్తోంది,” అంది ప్రెసిడెంట్ అత్త. సంఘం వాళ్లంతా కలిసి ఎన్నుకున్న మనిషి. “పక్కవీధిలో మేడమీది గది మొన్న చూసొచ్చాం కదా. రేపు పొద్దున్నే అడ్వాన్సు ఇవ్వాలి. ఏమంటారు?”

“అక్కడైతే నా కళ్లు బతికిపోతాయి,” అంది కాజాల అక్క. చొక్కాలకు కాజాలు కుట్టే పని ఆమెది. ఈ చీకట్లో కుట్టీ కుట్టీ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి పాపం.

ఒక్కొక్కరే సరేనన్నారు. చివరికి ప్రెసిడెంట్ అత్త అమ్మమ్మ వైపు తిరిగింది.

“పెద్దమ్మా, మెట్లు ఎక్కాలి మరి. నీకు పర్వాలేదా?”

“నాకు… మె…”

“బొంగరం! గోల్‌కీపర్ లేకుండా ఎలా ఆడమంటావే? వస్తావా, చస్తావా?” బయటినుంచి కేక.

బొంగరం గబుక్కున లేచింది.

“పర్వాలేదంట! సరేనంట!”

అమ్మమ్మ చెయ్యెత్తింది. ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే ఆడవాళ్లు లేచి మిషన్ల దగ్గరికి వెళ్లిపోయారు. గదంతా గడగడమని చప్పుడు. బొంగరం సంగతి అడగక్కర్లేదు, వీధిలో ఉంది.

ఆటలో మాత్రం దానికి మనసు నిలవలేదు. బంతి వస్తుంటే అమ్మమ్మ ఎత్తిన చెయ్యి కళ్లముందు కనిపించింది. బంతి పక్కనుంచి దూసుకుపోయింది. “నిద్రపోతున్నావా?” అని జట్టు జట్టంతా మీద పడింది. ఎలాగో ఆట అయిందనిపించి, చెప్పులు చేత పట్టుకుని సంఘానికి పరుగెత్తింది.

ప్రెసిడెంట్ అత్త తప్ప మిగతావాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోయారు. అమ్మమ్మ తన పెద్ద కత్తెరను పాత గుడ్డలో చుడుతోంది. టేపూ, చాక్‌ముక్కలూ అప్పటికే సంచిలో ఉన్నాయి.

“అవెందుకు సర్దుతున్నావు?”

“ఇం…టికి.”

“రేపు మళ్లీ మోసుకు రావాలిగా!”

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. తన ఎడమకాలిని చూపించింది.

“మేడ… ఎక్క…లేను. ఇక… రాను.”

“మరి ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!” అనబోయింది బొంగరం. మాట నోట్లోనే ఆగిపోయింది. అమ్మమ్మ చెప్పబోయింది. చెప్పనిచ్చింది ఎవరు?

అమ్మమ్మకు కత్తెర అంటే ప్రాణం. జబ్బు నుంచి లేచాక మొదట అడిగింది కూడా ఆ కత్తెరనే. ఇప్పుడది ఇంటికెళ్లి అటక ఎక్కుతుంది. అదీ తనవల్ల.

బొంగరం ప్రెసిడెంట్ అత్త ముందుకెళ్లి నిలబడింది.

“అత్తా, అమ్మమ్మ సరేనని అననే లేదు. ఆటకు ఆలస్యమవుతోందని నేనే అనేశాను.”

“ఓసి నీ తొందర కూలా!” ప్రెసిడెంట్ అత్త చేతిలో చొక్కా పక్కన పడేసింది. “కత్తెర సర్దుకుంటుంటే, ఇక ఇంటిపట్టున ఉందామనుకుంటోంది కాబోలు అనుకున్నామే మేం!”

“మేడమీది గది వద్దని అందరికీ నేను చెప్పేస్తాను. ఇప్పుడే ఇంటింటికీ వెళ్తాను!”

“మళ్లీ నువ్వేనా? మెంబరు నువ్వా, మీ అమ్మమ్మా?”

బొంగరం చేతిలోని చెప్పులు కింద పెట్టింది.

“అడ్వాన్సు ఇచ్చేలోగా ఏ మెంబరు అడిగినా మళ్లీ కూర్చోవాల్సిందే. అడిగేది మాత్రం ఆవిడే,” అంటూ ప్రెసిడెంట్ అత్త అమ్మమ్మ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. “చెప్పు పెద్దమ్మా. మళ్లీ కూర్చుందామా?”

అమ్మమ్మ చాలాసేపు పెదాలు కదిపింది.

“కూర్…చుందాం.”

మర్నాడు తెల్లవారగానే అందరూ వచ్చారు. గొణుక్కుంటూనే వచ్చారు. అందరికంటే కాజాల అక్కకు కోపంగా ఉంది.

“అయితే మళ్లీ ఈ చీకటికొట్టేనా? నా కళ్లు పోతే ఎవరు తెచ్చిస్తారు?”

అదీ నిజమే. బొంగరానికి ఏం తోచలేదు. గది మారితే అమ్మమ్మకు పని పోతుంది. మారకపోతే అక్కకు కళ్లు పోతాయి. చేతులు ఊరికే ఉండనంటుంటే రెండు చేతుల మీదా తనే కూర్చుంది.

“చెప్పు పెద్దమ్మా,” అంది ప్రెసిడెంట్ అత్త.

“మె…ట్ల…”

‘మెట్లు ఎక్కలేను.’ అంతేగా! ఇంకేముంటుంది? బొంగరానికి నాలుక దురద పెట్టింది. పెదాలు బిగించింది. కాలి బొటనవేలు నేలకేసి అదిమింది. గదిలో ఎవరో దగ్గారు. ఇంకెవరో ఆవలించారు. అమ్మమ్మ నుదుట చెమట పట్టింది. రెండో మాట రావడంలేదు.

కాజాల అక్క ఓపిక పట్టలేకపోయింది. “ఏమంటోందే బొంగరం? త్వరగా చెప్పు!”

“నాకేం తెలుసక్కా? ఇంకా చెప్తోంది,” అంది బొంగరం.

మళ్లీ అందరూ ఎదురుచూశారు.

“…కింద,” అంది అమ్మమ్మ. “మెట్ల కింద… జాగా… ఉంది. నా బల్ల… పడు…తుంది.”

బొంగరం నోరు తెరుచుకుంది. వెంటనే చేత్తో మూసుకుంది.

“మీరు… పైన… కుట్టండి. వెలుతు…ర్లో. నేను… కింద… కత్తి…రిస్తా.”

“మెట్ల కింద జాగానా? మేం చూడనేలేదే!” ప్రెసిడెంట్ అత్త ఆశ్చర్యపోయింది.

“మీరంతా… పైకి… ఎగబడ్డారు,” అంది అమ్మమ్మ. “నేను… కిందే… కూర్చున్నాగా!”

అందరూ ఒక్కసారిగా నవ్వేశారు. ముందుగా నవ్వింది కాజాల అక్కే. కళ్లు తుడుచుకుంటూ, “కత్తిరించిన బట్ట రోజూ పైకి మోసే పూచీ నాది పెద్దమ్మా!” అంది.

మెట్ల కింద జాగా సంగతి బొంగరానికి కలలో కూడా తట్టలేదు. మాట అందుకుని ఉంటే ‘మేడ వద్దంట’ అని మళ్లీ తప్పే చెప్పేది.

“హమ్మయ్య, తేలిపోయింది! లేవండి, లేవండి. అడ్వాన్సుకు టైమవుతోంది,” అని ప్రెసిడెంట్ అత్త చీరకొంగు దోపుకుంది. అందరూ బిలబిలమంటూ గుమ్మం వైపు కదిలారు.

అమ్మమ్మ పెదాలు ఇంకా కదులుతున్నాయి.

బొంగరం ఒక్క గెంతులో వెళ్లి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

“కూర్చోండత్తా. కూర్చో అక్కా. అమ్మమ్మ చెప్పడం ఇంకా అవలేదు.”

ఒకరి ముఖాలొకరు చూసుకుని, అందరూ మళ్లీ కూర్చున్నారు. బొంగరం కూడా వచ్చి అమ్మమ్మ కాళ్ల దగ్గర చతికిలబడింది.

“టీ… మాత్రం…” అని ఊపిరి తీసుకోవడానికి ఆగింది అమ్మమ్మ.

ఈసారి ఎవ్వరూ అందుకోలేదు.

“మొదట… కిందికే… రావాలి.”