మూడో నంబరు గదిలో రెండు రాత్రులు

బిలాస్‌పూర్ పక్కన ఉస్లాపూర్ దాటాక, కట్నీ వెళ్ళే రైలు లైన్లో, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న స్టేషను ఉంది. పేరు చెప్పను. చెబితే ఆదివారం పూట బైకులేసుకుని బయల్దేరే వీరులు మా కాలనీలో చాలామందే ఉన్నారు. ఆ స్టేషను వెనక పెంకుల బంగళా ఒకటుంది. ఒకప్పుడు అది రన్నింగ్ రూము — బండి దిగిన డ్రైవర్లూ గార్డులూ తిరుగు బండి వచ్చేదాకా పడుకునే చోటు. దానికి మంచి పేరు లేదు.

బొగ్గింజన్ల కాలంలో మూడో నంబరు గదిలో ఒక గార్డుకి జ్వరం ముదిరిందట. లేవలేక, చేతికర్రతో గోడ మీద కొడుతూ రాత్రంతా పిలిచాడట. పక్క గదుల్లో వాళ్ళు విన్నారు. విని, దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నారు. తెల్లవారుజామున చప్పుడు ఆగింది...

అప్పట్నుంచీ ఆ గదిలో కర్ర చప్పుడు వినిపిస్తుందంటారు. అందరికీ కాదు. పిలిస్తే లేవని వాళ్ళకి మాత్రమే. మా నాన్న అక్కడ ఎన్నోసార్లు పడుకున్నాడు, హాయిగా గురకపెట్టి మరీ.

తర్వాత ఒక పెద్ద హోటల్ వాళ్ళు ఆ బంగళాని తీసుకుని, ఏసీలు బిగించి, గుమ్మంలో ఎర్ర లాంతరు వేలాడదీశారు. వాళ్ళ హోటళ్ళలో ఎక్కడ బస చేసినా కార్డులో పాయింట్లు పడతాయి. పాయింట్లు నిండితే ఇక్కడ రెండు రాత్రులు ఉచితం. 2006 నాటి మాట ఇది.

ఆ కార్డు కామేశ్వరరావుది. గనులకి యంత్రాలమ్మే కంపెనీలో బిలాస్‌పూర్ మేనేజరు. ఇప్పుడు సర్కండాలో మేడ కట్టాడు గానీ, మా రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడే, డ్రైవరు కొడుకు. కార్డు అతనిదే, కానీ హోటళ్ళలో పడుకున్నది అతను కాదు. అతని కింద పనిచేసే చిన్నారావు. నాగపూరనీ రాయపూరనీ నెలకి పదిరోజులు తిరిగేవాడు. గది తీసుకున్న ప్రతిసారీ మేనేజరు కార్డు నంబరే చెప్పాలని ఆర్డరు.

"కార్డు నా పేరున ఉంటే ఏటిరా? పాయింట్లు నీవే. నిండనీ, నువ్వూ నీలవేణీ ఓ రెండు రోజులు ఎక్కడికైనా ఎల్లి రండి" అనేవాడట కామేశ్వరరావు.

నీలవేణి చిన్నారావు భార్య. మా పక్కింటి పిల్ల. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, విజయనగరంలో చుట్టాల పెళ్ళిళ్ళకి తప్ప ఎక్కడికీ వెళ్ళి ఎరగదు. ఎర్ర లాంతరు బొమ్మున్న హోటల్ కాగితం బీరువాకి అంటించుకుని, ఇంకెన్ని రాత్రులు కావాలో మొగుణ్ణి అడుగుతూ ఉండేది.

ఆగస్టు పద్నాలుగున, ఇంకా తెల్లారకముందే, నాగపూర్ హోటల్ గదిలో చిన్నారావు గుండె ఆగి చనిపోయాడు. పొద్దున్న తలుపు తీసినవాళ్ళకి ఫోను రిసీవరు చేతిలోనే కనిపించిందట.

"నాకు ఏ ఫోనూ రాలేదు" అన్నాడు కామేశ్వరరావు, శవం దగ్గర నిలబడి. "ఒక్క ఫోను కొడితే నేను అంబులెన్సు పంపనూ? ఏం తాగి పడుకున్నాడో..."

హోటల్ బిల్లులో ఫోన్ల లెక్క ఉంటుంది. ఆ బిల్లు పాసవడానికి వచ్చేది అతని టేబుల్ మీదికే. తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. తాగుడు మాట మాత్రం కాలనీ అంతా తిరిగింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా ఊరికి ఆ నోరే మంచిది కాదు.

"ఆస్పత్రికెల్లాలన్నా సారుని అడిగే ఎల్తాడక్కా మాయాయన, అంత బయ్యం. ఫోన్ సెయ్యకుండా పోయే మనిషి కాడు" అంది నీలవేణి నాతో. ఆమె ఉద్యోగం అడగలేదు, ఇంకేమీ అడగలేదు. ఫోను వచ్చిందన్న ఒక్క మాట కామేశ్వరరావు నోటితో అనిపించాలి, అంతే. అందుకోసం మూడుసార్లు ఆఫీసుకి వెళ్ళింది. మూడోసారి వాచ్‌మన్ గేటు తియ్యలేదు.

నవంబరులో కామేశ్వరరావు డైనింగు టేబుల్ మీద క్యాలెండరూ హోటల్ పుస్తకమూ పరిచి కూర్చున్నాడు. గోవాకి పాయింట్లు చాలవు, పచ్‌మఢీకి చాలవు. అడవి బంగళాకి మాత్రం సరిగ్గా రెండు రాత్రులు... శుక్ర, శని.

"మీరు టూరుకెళ్ళి రెండేళ్ళయింది కదండీ, ఇన్ని పాయింట్లు ఎక్కడివి?" అని అడిగిందట అతని భార్య ఊర్మిళ.

"పడ్డాయి. నీకెందుకు?"

ఆ సంగతి మార్కెట్లో ఊర్మిళే నాతో అంది. నీలవేణి చెవిన వేసింది నేనే, దాచడం ఎందుకు. ఆమె బీరువా మీది కాగితం గోటితో గీకి తీసి, నాలుగు మడతలు పెట్టింది. పక్కనే వాళ్ళ నాన్న అప్పలకొండ బాబాయి కర్రకి నూనె రాసుకుంటూ విన్నాడు.

అప్పలకొండ ముప్ఫై ఏళ్ళు రైల్వేలో కాల్‌బాయ్. పేరుకే బాయ్, తల నెరిసేదాకా అదే ఉద్యోగం. ఇళ్ళలో ఫోన్లు లేని రోజుల్లో డ్యూటీకి రెండు గంటల ముందు క్వార్టరుకొచ్చి, కిటికీ చువ్వ మీద కర్రతో మూడు దెబ్బలు కొట్టి, పేరూ టైమూ చెప్పి, కాల్ బుక్కు ముందు పెట్టేవాడు. ఆ బుక్కులో సంతకం పడిందంటే మనిషిని లేపినట్టే. ఇక "నన్నెవరూ పిలవలేదు" అనడానికి వీల్లేదు. మా పిల్లలందరం నిద్రకళ్ళతోనే నాన్నల పేరు మీద సంతకాలు గీకినవాళ్ళమే. కామేశ్వరరావు కూడా.

ఇక ఆ శుక్రవారం రాత్రి సంగతి. ఊర్మిళ చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

మూడో నంబరు గదే ఇచ్చారు. భోజనం చేశారు, పడుకున్నారు. ఎప్పుడో... కిటికీ చువ్వ మీద చప్పుడు.

టక్. టక్. టక్.

"రావు గారూ..." గుసగుసగా ఓ గొంతు. "రెండూ పది."

కామేశ్వరరావు లేచాడు. కళ్ళు సగమే తెరుచుకున్నాయి. లైటు వెయ్యలేదు. తడబడకుండా తలుపు దాకా నడిచి గడియ తీశాడు. చీకట్లోంచి ఒక పుస్తకం లోపలికొచ్చింది, దారంతో కట్టిన పెన్సిలుతో సహా. గుమ్మంలోని ఎర్ర లాంతరు వెలుతురులో సంతకం పెట్టాడు. తలుపేసుకుని వచ్చి పడుకున్నాడు.

"ఎవరండీ?"

"కాల్‌బాయ్... నాన్నకి బండి."

వాళ్ళ నాన్న పోయి పంతొమ్మిదేళ్ళు.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక అతనికి మెలకువ వచ్చింది. దిగ్గున లేచి కూర్చున్నాడు. 

"తారీఖు..." అన్నాడు. "పేజీ మీద తారీఖు... ఆగస్టు పద్నాలుగు."

ఊర్మిళకి అర్థం కాలేదు. లైటు వేద్దామని లేవబోతే చెయ్యి పట్టి ఆపాడు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు, కిటికీలోంచి పడే లాంతరు వెలుతురులో గోడ గడియారం వంక చూస్తూ. రెండున్నర... రెండూ నలభై...

రెండూ యాభైకి మళ్ళీ.

టక్. టక్. టక్.

"రావు గారూ..." ఈసారి ఆయాసంగా ఉంది గొంతు. నొప్పి పడుతున్న మనిషి గొంతు.

"తియ్యకు" అన్నాడు కామేశ్వరరావు. దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నాడు. ఊర్మిళకి ఆ గొంతు ఎవరిదో అప్పుడు తెలిసింది. పదిసార్లు వాళ్ళింట్లో టీ తాగిన మనిషిది... 

చాలాసేపటికి చప్పుడు ఆగింది. ఆ వెంటనే మొగుడూ పెళ్ళాం స్టేషనుకి పరుగెత్తారు. రెండో రాత్రి ఎవడిక్కావాలి?

శనివారం మధ్యాహ్నం కామేశ్వరరావు మా వీధిలోకి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. నీలవేణి గుమ్మం ముందు నిలబడి అందరూ వినేలా చెప్పాడు.

"ఫోను వచ్చిందమ్మా. రెండూ పదికి... ఒక్కసారే. గుండెల్లో నొప్పి, ఏం చెయ్యమంటారని అడిగాడు. పొద్దున్న చూద్దాం, పడుకో అన్నాను. నిద్రమత్తులో ఉన్నానమ్మా... నిద్రమత్తు."

నీలవేణి అతన్ని లోపలికి రమ్మనలేదు. వింది, తలుపేసుకుంది. తాగుడు మాట అన్నవాళ్ళే ఇప్పుడు "పాపం, నిద్రమత్తులో ఎవరు మాత్రం ఏం చేస్తారు" అన్నారు. నాకు మాత్రం కడుపు మండింది. అయినా నీలవేణికి కావలసిన మాట వచ్చింది కదా అని సరిపెట్టుకున్నాను.

ఇదంతా అప్పలకొండ బాబాయి పనేనని నాకు అప్పుడే అనిపించింది. శుక్రవారం సాయంత్రం ఆయన సంచి పట్టుకుని స్టేషను వైపు వెళ్ళడం నేను చూశాను. ఎవరూ లేకుండా చూసి అడిగాను.

"బలే భయపెట్టావు బాబాయ్. చిన్నారావు గొంతు ఎలా పెట్టావు?"

ఆయన నవ్వలేదు.

"బయ్యపెడదామనే ఎల్లేనమ్మా, ఎల్లకేటి? కర్రా, కొత్త కాల్ బుక్కూ సంచీలో ఎట్టుకుని పాసింజరెక్కేను. ఉస్లాపూర్ అవుటర్ సిగ్నల్ కాడ ఆపీసినాడు. మాల్‌గాడీ ఎనకాల మాల్‌గాడీ, బొగ్గు గూడ్సులన్నీ ముందు వొదిలీసినాడు. రాత్రంతా సంచి తలకింద ఎట్టుకుని బండిలోనే తొంగున్నాను. అక్కడ దిగేసరికి తెల్లారిపోనాది. ఆ బాబు అప్పటికే ప్లాట్‌ఫారం మీద కూకుని వొణుకుతున్నాడు. నానింకేటి కొడతాను?"

"మరి కొట్టిందెవరు?"

అప్పలకొండ సంచిలోంచి బుక్కు తీసి నా ఒళ్ళో పెట్టాడు. రిటైరైనప్పుడు దాచుకున్న ఖాళీ బుక్కు. గీతలు తప్ప ఏమీ ఉండకూడదు అందులో.

మొదటి పేజీలో మొదటి వరస... ఆగస్టు పద్నాలుగు, రెండూ పది. ఎదురుగా కామేశ్వరరావు సంతకం. మెలికలు తిరిగిన చిన్నపిల్లాడి సంతకం.

దాని కింద ఇంకో వరస ఉంది. ఆగస్టు పద్నాలుగు, రెండూ యాభై. సంతకం గడి ఖాళీ.

నా వెనక ఎప్పుడొచ్చిందో, నీలవేణి నా భుజం మీదుగా చూస్తోంది.

"ఒక్కసారే అన్నాడు గదక్కా" అంది నెమ్మదిగా. "మాయాయన రెండోసారి కూడా ఫోన్ సేసేడన్నమాట. మెలకువొచ్చేక... తెలిసే ఎత్తలేదు."

పది రోజులకి హోటల్ వాళ్ళ ఉత్తరం చూపించి ఊర్మిళ ఏడ్చింది. వాడుకోని రాత్రి తాలూకు పాయింట్లు మీ కార్డులోనే ఉన్నాయి, మార్చి నెలాఖరు దాకా ఎప్పుడైనా దయచేయండి అని ఉంది అందులో. కార్డు ముక్కలు చేసి పారేసినా ఇంకో కార్డు పోస్టులో వచ్చిందట. కామేశ్వరరావు రాత్రిళ్ళు పడుకోవడం మానేశాడట.

ఆ సంగతి కూడా నేనే నీలవేణికి చెప్పాను. ఆమె కూరగాయల కత్తితో పెన్సిలు చెక్కుతోంది. మొన సన్నగా వచ్చాక దారంతో కాల్ బుక్కుకి కట్టి, బుక్కుని కిటికీలో పెట్టింది.

"ఇంకో సంతకం పడాలక్కా" అంది.